అచ్యుతాపురం మజిలీ

పూర్వము మన దేశంలో దూరప్రయాణము ముఖ్యంగా వయస్సు మళ్లినవారి వ్యవహారము. కూతుళ్లకు పెండ్లిళ్లు చేసి, కొడుకులకు పొలము పుట్ర అప్పగించి, ఉన్న ఋణాలు తీర్చి, ఈ శరీరము ఒకమారు గంగలో మునిగితే చాలునని సంకల్పించుకొన్న గృహస్థుడే కాశికి మూట కట్టేవాడు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమన్న సామెత ఆ కాలపు బాటల భయంకరత్వము నుండి పుట్టినదే అయినా, ఆ సామెత చెవిని పడుతుండగానే గడప దాటినవారు ప్రతి గ్రామంలోను ఉండేవారు. ఇప్పుడా క్రమము తారుమారైనది. ప్రయాణము పడుచువారి విలాసమైనది, అరువది దాటినవాడు ఎక్కడికైనా బయలుదేరుతానంటే ఇంటిలో మొదట వినవచ్చే మాట “ఈ వయస్సులో ఎందుకండీ?” అన్నది. ఆ ప్రశ్నలో ప్రేమ లేకపోలేదు. కాని ఆ ప్రేమ పెద్దవాణ్ణి పడకకుర్చీకి కట్టివేయడానికే తప్ప, అతణ్ణి భద్రంగా ఎట్లా పంపవలెనో ఆలోచించడానికి సాధారణంగా ఉపయోగపడడం లేదు.

ఈ విషయంలో మనకు మార్గదర్శకుడు ఒకడున్నాడు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి అప్పటికి ఇంచుమించు ఏబది యేండ్లు. నాటి ఆయుఃప్రమాణాన్ని బట్టి అది వార్ధక్యపు గుమ్మమే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆ పెద్దమనిషి దారి పొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లెకు తెలియజేసిన సంగతులే, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చుపడినవి. ఆ గ్రంథంలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది క్షేత్రమాహాత్మ్యము కాదు. ఈ ఊరిలో నీళ్లు మంచివా కావా, అంగళ్లలో పదార్థాలు దొరుకునా, దిగడానికి తగిన చోటు ఉన్నదా, ముందరి బాట ఎట్టిది అని ప్రతి మజిలీ దగ్గర ఆయన చేసుకొన్న విచారణ. పల్లకీ, బోయీలు, పరివారము ఆయనకు ఉన్నమాట నిజమే. అయినా పదునైదు నెలలకు పైబడిన ఆ యాత్రను సాగించినది ధనము కన్న ఎక్కువగా ఆ నిలకడ: కొంత దూరము పోవడం, దిగడం, స్నానము, వంట, విశ్రాంతి, తరువాతి ఊరిని గురించి వాకబు. మన పొగబండ్లు, మోటారుకార్లు దూరాన్ని హరించినవి, సంతోషమే. దూరంతోపాటు మజిలీని కూడా హరించినవి. అందువల్లనే ముసలివారికి నేటి ప్రయాణము సుఖంగా ఉంటూనే కష్టంగా ఉన్నది.

తిరుగు ప్రయాణంలో వీరాస్వామయ్యగారు జగన్నాథము దర్శించి ఈ కళింగాంధ్ర తీరము వెంబడినే దక్షిణానికి దిగినారు. ఆయన దిగిన దిక్కుకు ఎదురుగా, రాజమహేంద్రవరము నుండి ఉత్తరానికి, మా మేనల్లుని గృహప్రవేశము నిమిత్తము అచ్యుతాపురానికి మేము ముగ్గురము పోయినాము: నేను, మా ఆవిడ, ఆమె అన్నగారు. ముగ్గురిలో నాకు మోకాళ్లు, మా బావగారికి మధుమేహము, మా ఆవిడకు రక్తపు పోటు. ఈ వయస్సులో మనుష్యులను పేర్లతో కన్న రోగాలతో పరిచయము చేయడమే సులభము.

బండిని ఎన్నుకోవడంలోనే ప్రయాణములో సగము బాగోగులు తేలిపోతవి. రాత్రి బండి ఎక్కితే నిద్రలోనే ఊరు చేరుతామని పిల్లలు అంటారు. అరవై దాటినవానికి రైలులో పట్టేది నిద్ర కాదు, మాగన్ను. అందులోను అనకాపల్లి, ఎలమంచిలి వంటి స్టేషన్లలో బండి నిలిచేది కొద్ది క్షణాలు. చీకటిలో కళ్లజోడు వెదుకుకొంటూ, చెప్పులు తడుముకొంటూ దిగడము సాహసకృత్యమే అవుతుంది. మేము పగటిపూట నడిచే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినాము. రాత్రి బండి తప్పనివారికి ఒక వెసులుబాటు ఉన్నది: పురుషులకు 60, స్త్రీలకు 45 నిండితే, ఖాళీ ఉన్నంతవరకు క్రింది బెర్తు కేటాయించే పద్ధతి రైల్వేవారి రిజర్వేషనులో కలదు. అయితే టిక్కెట్టు కొనేటప్పుడు వయస్సు సరిగా వ్రాయించవలె. వయస్సు తగ్గించి చెప్పే సరదా ఉన్నవారు పై బెర్తు ఎక్కడానికి సిద్ధపడవలె. పూర్వము 60 దాటిన పురుషులకు నూటికి 40, 58 దాటిన స్త్రీలకు నూటికి 50 వంతున ఉండే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయినది. ఆ రాయితీ తీసివేసిన చేయి తిరిగి ఇవ్వడానికి ఇంత వెనుకాడడము నాకు న్యాయంగా తోచదు.

బండి తుని దాటగానే మేము సామాను తలుపు దగ్గరకు చేర్చే ప్రయత్నము మొదలుపెట్టినాము. ఎదుటి సీటులోని యువకుడు “ఇంకా చాలా టైముంది కదండీ” అని నవ్వినాడు. ఉండవచ్చు; కాని మోకాళ్లకు టైముటేబులు వేరు. ఒక పెద్ద పెట్టె కన్న రెండు చిన్న సంచులు మేలనీ, మందులు, కళ్లజోడు, చీటీలు, కొద్దిపాటి డబ్బు ఒంటిమీది సంచిలోనే ఉండవలెనే గాని సామానులోకి పోరాదనీ, వైద్యుడు వ్రాసిన చీటీ నకలు ఒకటి మనవద్ద, ఒకటి తోడువచ్చినవారి వద్ద ఉండవలెననీ మా ఆవిడ పద్ధతి. ఆ చీటీలో కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు కూడా వ్రాయించి ఉంచడంవల్ల, ఊరు కాని ఊరిలో ఏ దుకాణంలోనైనా దానికి సమానమైనది దొరుకుతుంది. నాలుగు గంటలు దాటి కాళ్లు వ్రేలాడవేసి కదలక కూర్చొన్నవారికి పిక్కలలో రక్తము గడ్డకట్టే అపాయము పెరుగుతుందని వైద్యశాస్త్రము చెప్పుతున్నది. అమెరికాలోని పిల్లల దగ్గరకు పోయే తలిదండ్రులు ఈ సంగతి మరీ ఎరిగి ఉండవలె. విమానంలో కిటికీ దగ్గర సీటు మీది మోజు విడిచి నడవ ప్రక్కన కూర్చోవడము, చక్రాల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనేనాడే చెప్పుకోవడము వారికి నామోషీ కారాదు.

అనకాపల్లి నుండి అచ్యుతాపురము సుమారు 20 కిలోమీటర్లు. బస్సు ఎక్కగానే మా ముగ్గురిలో ఆర్థిక వ్యత్యాసము బయటపడినది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలైన బస్సులలో ఉచిత ప్రయాణము; మాబోటి 60 దాటిన పురుషులకు నాలుగవ వంతు రాయితీ. ఆధార్ కార్డు చూపి దర్జాగా కూర్చున్న మా ఆవిడ, చిల్లర లెక్కపెట్టుకొంటున్న మా ఇద్దరినీ చూసి నవ్విన నవ్వు మునగపాక దాకా ఆగలేదు. ఇరువైపులా చెరకు తోటలు, వరి మళ్లు, మధ్యమధ్య తాటిచెట్లు. ఆ తరువాత హఠాత్తుగా ప్రహరీ గోడలు, పొగగొట్టాలు, పెద్ద పెద్ద గిడ్డంగులు.

అచ్యుతాపురము ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోని మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4కు పూర్వము విశాఖపట్నము జిల్లాలోనిది. విశాఖకు నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము ఏ పని చేసి పెట్టినవో, ఆ పనిని ఈ పల్లెకు ప్రత్యేక ఆర్థిక మండలి చేసి పెట్టుతున్నది. సుమారు 1000 ఎకరాలలో వెలసిన బ్రాండిక్స్ దుస్తుల నగరంలో కుట్టుపని చేసేవారు ముఖ్యంగా స్త్రీలు. చుట్టుప్రక్కల పల్లెలనుండి వారిని తెచ్చి, తీసుకొనిపోయే బస్సులు షిఫ్టు వేళకు బారులు తీరినప్పుడు కూడలి దాటడము ఎంతటివానికైనా పరీక్షే. ఆ బారులోని ఆడపిల్లలను చూస్తే ముచ్చట వేసినది. జీతము చేతికి వచ్చే ఆ పిల్లలలో ఎందరో ఇంటి దగ్గరి తల్లిదండ్రులకు మందులు కొని పెట్టుతూ ఉంటారు. అయితే పెద్దలకు నా సలహా ఒకటే: ఈ ఊరిలో ఉదయము షిఫ్టు మారే వేళ, సాయంకాలము ఫాక్టరీ వదిలే వేళ రోడ్డు మీదికి రాకండి. ఆ వేళలు ఏవో టీకొట్టువానిని అడిగితే గడియారము కన్న బాగా చెప్పుతాడు.

గృహప్రవేశము వైభవంగా జరిగినది. దాని వర్ణన ఇక్కడ అనవసరము. మరునాటి ఉదయము మా మేనల్లుడు సెల్‌ఫోనులో ఒక పట్టిక చూపినాడు. కొండకర్ల ఆవ, పంచదార్ల, పూడిమడక, బొజ్జన్నకొండ, సింహాచలము, కైలాసగిరి, జలాంతర్గామి, వీలైతే అరకు; రెండు దినాలలో సమస్తము! “కారు ఉంది మావయ్యా, మీరు కూర్చుంటే చాలు” అన్నాడు. కూర్చోవడమే కష్టమైన పని అని ముప్పది యేండ్ల వానికి చెప్పి నమ్మించడము సాధ్యము కాదు. మేము పట్టిక తీసుకొని, ముగ్గురమూ ఆలోచించి, దినానికి ఒకటే స్థలము, అదీ ఎండ ముదరక ముందు, మధ్యాహ్నము పడక, సాయంత్రము ఓపిక ఉంటే సముద్రము అని తిరగవ్రాసినాము. అరకు కొట్టివేయబడినది. యాబది ఎనిమిది సొరంగాలు దాటించే ఆ రైలు నాకు చాల ఇష్టమే. కాని దానికి విశాఖలో తెల్లవారుజామున లేచి స్టేషనుకు పరుగెత్తవలె. కారు కూడా వద్దన్నాము. మేనల్లుని కారులో అయితే అతని సెలవు, అతని తొందర మనతో ఎక్కుతవి. ఆటో మాట్లాడుకొంటే మన చిత్తము.

ఆ ఆటో నడిపేవాడు మాకు మంచి గురువు దొరికినాడు. బయలుదేరి ఎంతో దూరము పోలేదు, మా బావగారు అసహనంగా కదలడము అద్దంలో చూసి బండి ప్రక్కకు తీసి ఆపినాడు. “ఆపమంటే ఆపుతాను కదండీ, అడగడానికేటి మొహమాటం?” అన్నాడు. ఆ ప్రశ్నలో ఎంత లోకజ్ఞానమున్నదో! ప్రయాణంలో పెద్దవారిని బాధించేది వ్యాధి కాదు; తాము ఇతరులకు బరువు కాగూడదన్న పట్టుదల. దాహమైనా చెప్పరు, తల తిరిగినా చెప్పరు, మూత్రశంక కలిగినా ఓర్చుకొంటారు. ఆడవారు మరీను: దారిలో మరుగుదొడ్డి ఉండదన్న భయంతో బయలుదేరిన క్షణం నుండి నీళ్లు మానివేస్తారు, ఊరు చేరేసరికి నాలుక పిడచగట్టి, కళ్లు తిరిగి, మరునాటికి మూత్రంలో మంట. పెట్రోలు బంకులలో మరుగుదొడ్డి, త్రాగునీరు బాటసారులకు ఉచితంగా ఇవ్వవలెనన్న నియమమున్నది. అది శుభ్రంగా ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. మోకాళ్లు వంగనివారికి అక్కడ కమోడు ఉన్నదా అన్నది ఇంకొక ప్రశ్న. అయినా అడగవలె. అడిగే అభ్యాసము ఇంటిదగ్గర లేనివారు ప్రయాణంలో నేర్చుకొనక తప్పదు.

కొండకర్ల ఆవ, కొల్లేరు తరువాత రాష్ట్రంలో పెద్దదైన మంచినీటి సరస్సు అని ఇక్కడివారు సగర్వంగా చెప్పుకొంటారు. కొండల నడుమ తామరాకులు పరచుకొన్న ఆ జలరాశి మీద, శీతకాలంలో ఎక్కడెక్కడి పక్షులో దిగివస్తవి. దాని మీద తిరిగే పడవను దగ్గరనుండి చూడవలె: తాటిమాను తొలిచిన దోనెలు రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి కట్టి, పైన కూర్చోవడానికి ఏర్పాటు చేస్తారు. మానుకు పైన గరుకుగా పెచ్చులు, లోపల నీటితో నాని నల్లబడిన నార. రెండు దోనెల మధ్య నుండి నీరు బుడబుడలాడుతూ పైకి వస్తుంది. “అడుగు నడిమికెయ్యండి బాబూ, అంచుకెయ్యకండి” అన్నాడు పడవవాడు. చేతికర్ర అతని చేతికిచ్చి, అతని భుజము పట్టుకొని, ముందు కూర్చొని పిమ్మట కాళ్లు లోపలికి తీసుకొంటే మోకాళ్లు ఎదురు చెప్పలేదు. నిలబడి ఫోటోలు తీసుకోవడము మాత్రము పడుచువారికి వదలినాము. నీటికోళ్లు తామరాకుల మీద నడచిపోవడము చూస్తూ, ఎవరికీ ఏ తొందరా లేక, మేము చాలసేపు అక్కడనే ఉండిపోయినాము.

ఆ ఉండిపోవడంలోనే ఒక చిక్కు వచ్చినది. మా బావగారు ఉదయము ఇన్సులిన్ వేసుకొని, ఇడ్డెనలు రెండు తిని బయలుదేరినవారు. గట్టుకు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చినది. నుదుట చెమట, మే మందరమూ చెమర్చుతున్నాము గనుక మొదట ఎవరము పట్టించుకోలేదు. తరువాత చేతులు వణకసాగినవి. అడిగినదానికి జవాబు పొంతన లేక వచ్చినది. మా ఆవిడకు ఆ లక్షణము తెలుసు. చెంగున కట్టిన అనకాపల్లి బెల్లపు ముక్క తీసి “నమలు అన్నయ్యా, మాట్లాడకు” అని నోట పెట్టినది. మూడు చెంచాల పంచదారకు సరిపడేటంత తీపి, పావుగంట నిరీక్షణ, అప్పటికీ తేరుకోకపోతే మరల అంతే. తేరుకొన్న పిమ్మట కడుపునిండ ఆహారము. మనిషి స్మృతి తప్పి ఉంటే మాత్రము నోట ఏమీ పెట్టరాదు, 108కి ఫోను చేయవలె. ఆ వాహనసేవ మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలై పేదసాదల నోట ప్రాతఃస్మరణీయమైనది. మా బావగారికి అంత అవసరము కలుగలేదు. పావుగంటకు కన్నులలో వెలుగు వచ్చి, “బెల్లం పాతదిలా ఉందే” అని విమర్శ కూడా చేసినారు. దేశంలోని పెద్ద బెల్లపు విపణులలో ఒకటైన అనకాపల్లిని దాటివచ్చిన మధుమేహరోగికి నిన్నటివరకు నిషిద్ధమైన పదార్థమే నేడు ఔషధమైనది. మాడుగుల హల్వాకు ఇట్టి సదుపాయము లేదని ఆయనకు ఆనాటి సాయంత్రము వివరించవలసి వచ్చినది.

ఇన్సులిన్ సంగతి ఎత్తినాను గనుక ఒక మాట. వాడుకలో ఉన్న సీసా 25, 30 డిగ్రీల వేడి లోపల సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. దానికి మంచుగడ్డలు చుట్టి గడ్డకట్టించినా, ఎండలో నిలిపిన కారులో మరచినా పనికిరాదు. బావగారు వెడల్పు మూతి థర్మాసు ఫ్లాస్కులో, తడిగుడ్డ మీద, సీసాను పెట్టుకొని తిరుగుతారు. మధుమేహము చాలకాలముగా ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది. మధ్యాహ్నపు వేళ గుడి చుట్టూ రాతిబండలపై ప్రదక్షిణము చేసి, కాలినట్లు కూడ తెలియక, వారము తరువాత పుండుతో వైద్యుని దగ్గరకు పోయినవారిని నేనెరుగుదును. దేవుడు ఉదయము ఆరుగంటలకూ అక్కడనే ఉంటాడు. రాళ్లు చల్లగా ఉండగా దర్శనము చేసుకొని, రాత్రి పడుకొనేముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవడము భక్తికి భంగము కాదు.

పంచదార్లకు మేము ఆ నియమము ప్రకారమే పోయినాము. రాంబిల్లి మండలములో ధారపాలెము దగ్గర, కొండ అడుగున, ఎన్నడూ ఎండని ధారలు. పైన ధర్మలింగేశ్వరుని ఆలయము. స్తంభాలపై 15వ శతాబ్దినాటి ఎలమంచిలి చాళుక్యుల శాసనాలు. చిన్న చిన్న లింగాలు ఒంటినిండా చెక్కిన కోటిలింగము ఒకటి కలదు. ధార కింద నిలబడి స్నానము చేయవలెనని మా ఆవిడకు కోరిక. పాచి పట్టిన రాతిమీద పెద్దవారు జారిపడితే విరిగేది తుంటి ఎముక. ఆ ఎముక విరిగినవారి యాత్ర మంచానికే. చెంబుతో పట్టి, తడిలేని గట్టున కూర్చొని పోసుకొన్నది; పుణ్యానికి లోటు వచ్చినట్లు తోచలేదు. మెట్ల దగ్గర బావగారు ఆగిపోయి, “మీరు పొండి, నేను ఈ చెట్టు కింద ఉంటాను” అన్నారు. ఎవరమూ బలవంతపెట్టలేదు. గుంపులో ఒకరు ఆగిపోతే యాత్ర పాడైనదనుకోవడము పడుచువారి లెక్క. ఆయన ఆ చెట్టుకింద పూజారిగారి తమ్మునితో ఊరి చెరువు తగాదా అంతా తెలుసుకొని వచ్చినారు, మేము శాసనాలలో చదువలేకపోయినదానికన్న అదే ఎక్కువ సంగతి.

పూడిమడక సముద్రము అందమైనది, నమ్మదగినది కాదు. 2022 జూలైలో స్నానానికి దిగిన కళాశాల విద్యార్థులను అలలు లాగుకొని పోయిన తీరమిది. చేపలు ఎండవేస్తున్న ఒక ముసలమ్మ, నేను పంచె ఎగగట్టడము చూసి, “మోకాళ్ల దాకా ఎల్లకండి మాస్టారూ, ఈ అల లాగేస్తాది” అని కేక వేసినది. నేను మాస్టారునని ఆమెకెట్లా తెలిసినదో! వలల మీద కూర్చొని చూసినాము. ఎండ చురుక్కుమంటే, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తెచ్చుకొన్నది కొంచెము కొంచెముగా త్రాగినాము. బావగారి వంతు మాత్రము ఉత్త మజ్జిగ. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపు పోటుకు నీరు తీసే మాత్రలు వేసుకొనేవారు ఎండకాలపు ప్రయాణానికి ముందు, ఉప్పు ఎంత, నీళ్లెంత అన్నది తమ వైద్యుణ్ణే అడగవలె. ఆ లెక్క వ్యాసకర్తలు చెప్పదగినది కాదు.

విశాఖలో మేము దిగిన వసతిగృహంలో గది చూపించగానే మా ఆవిడ మంచము చూడలేదు, స్నానాలగది చూసినది. నేల నునుపుగా ఉన్నదా, పట్టుకోవడానికి ఏమైనా ఉన్నదా, దీపపు మీట గుమ్మానికి బయటనా లోపలనా, గడప ఎత్తెంత? కొత్త చోట పెద్దవారు పడిపోయేది కొండల మీద కాదు. రాత్రి రెండుగంటలకు మంచము నుండి స్నానాలగదికి పోయే ఆ ఎనిమిది అడుగులలో. తలుపు ఓరగా వేసి లోపలి దీపము వెలుగుతూ ఉంచినాము. గడియ పెట్టవద్దని ముగ్గురము ఒప్పందము చేసుకొన్నాము. మూడవ అంతస్తులో సముద్రము కనబడే గది ఇస్తానన్నవానికి లిఫ్టు లేదు. క్రింది గదిలోంచి కొబ్బరిచెట్టు కనబడితే చాలునన్నాము. సత్రాలు కట్టించిన పూర్వులు ఇట్టివి ఎరిగినవారు. విశాఖలో టర్నరు సత్రము పేరు ఇప్పటికీ నిలిచి ఉన్నది. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చిన బాటసారికి అన్నము పెట్టి చిరస్మరణీయురాలైనది. ఆ అరుగుమీద చేరగిలబడ్డవానిని ‘ఎన్ని గంటలకు గది ఖాళీ చేస్తారు’ అని ఎవరూ అడిగి ఉండరు.

సింహాచలము బస్సులో ఎక్కినాము. మెట్లదారి ఉన్నది, ఒకనాడు నేనూ ఎక్కినాను. ఆషాఢ పూర్ణిమకు 32 కిలోమీటర్లు గిరి చుట్టూ నడిచేవారిలో నాకన్న పెద్దవారు ఎందరో ఉంటారు, వారికి నమస్కారము. నా ఆక్షేపణ అంతా ఏడాదిలో ఒక్కనాడే నిజరూపము కనబడునని అక్షయతృతీయనాడు, వైశాఖపు టెండలో, ఒత్తిడిలో గంటల తరబడి నిలువవలెనని పంతము పట్టే పెద్దలను గురించి మాత్రమే. చందనము పూసుకొన్న స్వామి కూడా స్వామియే. మేము పోయిననాడు వరుస చిన్నది. కప్పస్తంభము దగ్గర మా ఆవిడ తృప్తిగా నిలువగలిగినది.

రామకృష్ణా బీచిలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి విషయంలో మాత్రము మా ఐకమత్యము చెడినది. లోపల ఒక అర నుండి ఇంకొక అరకు పోవడానికి గుండ్రని ఇరుకు ద్వారాలు. ముందు ఒక కాలు దాటించి, నడుము వంచి, తల దించి, పిమ్మట రెండవకాలు. బావగారు బయటనే మొక్కజొన్న పొత్తు దగ్గర ఆగిపోయినారు. నేను మొదటి ద్వారము దాటి రెండవదాని దగ్గర ఆలోచనలో పడినాను. మా ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని చివరిదాకా పోయి, నావికులు పడుకొనే అరలు ఎంత ఇరుకో, వంటగది ఎంత చిన్నదో చూసి, ఆ వంటగదిలో అంతమందికి వండినవారిని తలుచుకొని చాల జాలిపడినది.

పిల్లల ఫోనులు మాత్రము దినదినము వస్తూనే ఉన్నవి. ఎక్కడ ఉన్నారు, మందులు వేసుకొన్నారా, ఆసుపత్రి దగ్గరలో ఉన్నదా? వారి ఆరాటము తీర్చడానికి కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నుండి ఈ ఊరిలోనే ఉన్నదని, 70 నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేక ఏడాదికి అయిదు లక్షల వరకు చికిత్సకు 2024 అక్టోబరులో వచ్చిన ఆయుష్మాన్ కార్డు మా బావగారి సంచిలో ఉన్నదని చెప్పినాము. అక్కడికి ఊరుకొన్నారు. తిరుగు ప్రయాణము ఏర్పాటు విన్నప్పుడు మరల అలజడి. “రాజమండ్రికి మూడు గంటల దారి కదమ్మా, మధ్యలో ఒక రాత్రి అన్నవరంలో ఎందుకు?” అని మా అబ్బాయి.

“మీ నాన్నగారికి మోకాళ్లు, మీ మామయ్యకు షుగరు, నాకు సత్యనారాయణ వ్రతం. ఇవన్నీ మూడు గంటల్లో ఎలా అవుతాయిరా?” అన్నది మా ఆవిడ.

బావగారు అప్పటికే, విస్తరాకు పొట్లములో వచ్చే ఆ గోధుమనూక ప్రసాదములో తన కెన్ని చెంచాలు చెల్లునో చెల్లెలితో బేరము మొదలుపెట్టినారు.